బొగ్గు ఊరికి రంగులద్దారు!

నారాయణఖేడ్ వైపు ఏ పాత మిద్దె ఇంటికి వెళ్లినా గోడమీద ఓ వరస ఫొటోలు కనిపిస్తాయి. దేవుడి పటాలు, పోయిన పెద్దల ఫొటోలు, పెళ్లినాటి జంట ఫొటో. అది నలుపు తెలుపుల కాలంలో తీయించుకున్నదైతే ఒక్కోసారి అందులో ఓ తమాషా ఉంటుంది. పెళ్లికూతురి బుగ్గలకు గులాబీ రంగు, చీరకు చిలకపచ్చ, మెడలో గొలుసుకు పసుపు. అన్నీ స్టూడియో ఆయన సన్నటి కుంచెతో దిద్దినవే. 'పచ్చ చీరల ఎంత మంచిగున్నవే నానమ్మా' అని మనవరాలు మురిసిపోతుంది. నానమ్మ నవ్వేస్తుంది. 'నాది పచ్చ చీర గాదు బిడ్డా. వంగపువ్వు రంగు. ఫొటో ఆయన ఆయనకిష్టమైన రంగు ఏసిండు' అంటుంది.

ఒక చీరకైతే సరే, నవ్వుకుని ఊరుకోవచ్చు. మరి ఊరు ఊరంతటికీ అలాగే రంగులేస్తే? వేసిన మనిషి ఆ ఊరి మొహమే చూడకపోతే?

అలాంటి బొమ్మ ఒకటుంది. సుమారు 1900 నాటిది. కింద మెలికలు తిరుగుతూ నది, దాని ఒడ్డున రైలు పట్టాలు, రెండు కొండల మధ్య ఇరుకు లోయలో ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసినట్టు ఇళ్లు. కొండలకు ఆకుపచ్చ, ఆకాశానికి లేత నీలం, గోడలకు ఇటుక ఎరుపు. చూడగానే 'ఏ ఊటీయో, స్విట్జర్లాండో!' అనిపిస్తుంది. అలా అనుకున్నవాళ్లు అప్పట్లోనూ ఉన్నారు. ఆ ఊరిని 'అమెరికా స్విట్జర్లాండ్' అనే పిలిచేవారు. దాని అసలు పేరు మాక్ చంక్. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, లీహై నది ఒడ్డున ఉంది. అక్కడి మూలవాసుల మాటల్లో దానికి 'ఎలుగుబంటి కొండ' అని అర్థం. ఆ జిల్లా పేరు వింటే మాత్రం గుట్టు బయటపడుతుంది... కార్బన్ కౌంటీ. అంటే ఆ ఊరు బతికిందీ, బలిసిందీ బొగ్గు మీదే!

బొగ్గు ఊరు అంత పచ్చగా, అంత తేటగా ఎలా కనిపిస్తోంది? అదే ఆ బొమ్మలోని మర్మం.

రాతిమీద పుట్టిన రంగులు

అప్పటికి కెమెరాలున్నాయి. కానీ మామూలుగా తీసే ఫొటోల్లో ఉండేది నలుపు తెలుపులే. వాటికి రంగులద్ది వేలకు వేలు అచ్చేసే కిటుకును 1880ల్లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో హాన్స్ జాకబ్ ష్మిడ్ అనే ఆయన కనిపెట్టాడు. ఓ అచ్చు కంపెనీలో ఉద్యోగి ఆయన. ఆ పద్ధతికి 'ఫోటోక్రోమ్' అని పేరు.

దానికి ముడిసరుకు రాయి. మన తాండూరు బండలాగే అదీ సున్నపురాయే. కాకపోతే అచ్చుకు పనికొచ్చే నున్నటి రాయికి జర్మనీలోని సోల్న్‌హోఫెన్ ప్రసిద్ధి. ఆ పలకమీద వెలుతురు తగిలితే గట్టిపడే ఓ రకం తారును, బెంజీన్‌లో కరిగించి పల్చగా పూస్తారు. దానిమీద ఫొటో నెగెటివ్‌ను అదిమిపెట్టి ఎండకు పెడతారు. వేసవిలో అయితే పది నిమిషాల నుంచి అరగంట. చలికాలంలో గంటలకు గంటలు. వెలుతురు పడినచోట తారు బిగుసుకుంటుంది. పడనిచోట మెత్తగా ఉండిపోతుంది. టర్పెంటైన్‌తో కడిగితే ఆ మెత్తటిదంతా పోయి బొమ్మ మిగులుతుంది. ఇదంతా ఒక్క రంగు కోసం! ఆకాశపు నీలానికో రాయి, చెట్ల పచ్చదనానికో రాయి, పెంకుల ఎరుపుకో రాయి... అలా ఒక్క బొమ్మకు కనీసం ఆరు రాళ్లు, తరచుగా పది నుంచి పదిహేను రాళ్లు కావాలి. ఒకే కాగితాన్ని వాటన్నిటిమీదా వరసగా వేసి తీయాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగితే ఆకాశం వచ్చి ఇంటి గోడమీద పడుతుంది!

రాతి అచ్చు మనకూ కొత్తేం కాదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టి లక్ష్మీదేవినీ, సరస్వతినీ ఇంటింటి గోడమీదికి పంపింది ఈ రాళ్ల సాయంతోనే. ఒక తేడా ఉంది. రవివర్మ బొమ్మకు మూలం ఆయన వేసిన రంగుల చిత్రం. ఫోటోక్రోమ్‌కు మూలం రంగుల్లేని ఫొటో. అందులో లేని రంగులు ఎక్కణ్నుంచి వస్తాయి? ఫొటో తీసినవాళ్లు రాసుకొచ్చిన నాలుగు ముక్కల్ని బట్టి, మిగతాది అచ్చు కార్ఖానాలో కూర్చున్న పనివాడి ఊహను బట్టి. ఆ పనివాడు మాక్ చంక్ వెళ్లి ఉండనక్కర్లేదు. కొండ అంటే పచ్చ, ఆకాశం అంటే నీలం. పొగ అంటే? పొగను ఎవరు కొనుక్కుంటారు!

అమెరికాలో ఈ పద్ధతి హక్కుల్ని 1890ల చివర్లో డెట్రాయిట్‌లోని ఓ ఫొటో కంపెనీ కొనుక్కుంది. పశ్చిమ అమెరికా కొండల్నీ కోనల్నీ ఫొటోలు తీసి పేరు తెచ్చుకున్న విలియం హెన్రీ జాక్సన్ 1897లో తన వేలాది నెగెటివ్‌లతో సహా అందులో చేరాడు. మరుసటేడే అమెరికాలో ప్రైవేటు కంపెనీల బొమ్మకార్డుల్ని ఒక్క సెంటు బిళ్లతో పంపుకోవచ్చని చట్టం వచ్చింది. ఇంకేముంది... జలపాతాలు, సముద్రతీరాలు, పెద్ద హోటళ్లు, వాటితో పాటు మాక్ చంక్ కూడా రంగులు పూసుకుని జనం చేతుల్లోకి వెళ్లిపోయాయి. ఆ కంపెనీ వేసిన ఫోటోక్రోమ్‌లు ఇప్పటికీ వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉన్నాయి.

వేటగాడికి దొరికిన నల్లరాయి

ఆ ఊరి కథ ఓ వేటగాడితో మొదలవుతుందని చెబుతారు. 1791లో ఫిలిప్ గింటర్ అనే ఆయన ఇంట్లో తిండిలేక కొండల్లోకి వేటకు వెళ్లాడట. జంతువేదీ దొరకలేదు కానీ కాలికి ఓ నల్లరాయి తగిలింది. అది ఆంత్రసైట్... పొగ తక్కువ, వేడి ఎక్కువ ఉండే గట్టి బొగ్గు. దొరకడమైతే దొరికింది, దాన్ని పట్నానికి చేర్చేదెలా? అటు కొండలు, ఇటు రాళ్లతో నిండిన నది. ఆ చిక్కు విప్పడానికి జోసియా వైట్ అనే వ్యాపారీ ఆయన భాగస్వాములూ నదిని పడవలకు అనువుగా మార్చారు. బొగ్గును పడవలకెత్తే రేవుగా 1818లో మాక్ చంక్ ఊరు వెలిసింది.

గని ఉన్నది ఊళ్లో కాదు, తొమ్మిది మైళ్ల అవతల కొండమీద. అక్కణ్నుంచి రేవు దాకా 1827లో పట్టాలు పరిచారు. ఇంజిన్ లేదు. బొగ్గు నింపిన బండ్లు వాలులో వాటంతటవే జర్రున దిగొచ్చేవి. ఖాళీ బండ్లను మళ్లీ పైకి లాక్కెళ్లడానికి కంచరగాడిదలు. మరి ఆ గాడిదలు కిందికెలా రావాలి? వాటికీ ఓ బండి ఉండేది! బొగ్గుతో పాటు అవీ దర్జాగా బండెక్కి దిగొచ్చేవి. తర్వాత కొండమీద ఆవిరి యంత్రాలు పెట్టి బండ్లను పైకి లాగారు. బొగ్గుకు మామూలు రైలు దారి దొరికాక, 1870ల నుంచి ఆ వాలు బండిని పూర్తిగా షికారుకే వదిలేశారు. జనం టికెట్టు కొనుక్కుని ఎక్కి, కేకలు పెడుతూ దిగేవాళ్లు. ఈనాటి ఎగ్జిబిషన్లలో ఉండే రోలర్ కోస్టర్‌కు అదే ముత్తాత అంటారు. 1933 దాకా నడిచింది.

ఊరికి యాత్రికులు రావడానికి కారణం అదే. యాత్రికులుంటే బొమ్మకార్డులు ఉండాలి. బొమ్మకార్డంటే అందంగా ఉండాలి. అందుకే ఆ పచ్చ, ఆ నీలం.

బొమ్మలో పడనివాళ్లు

రంగుల బొమ్మను ఎంత దగ్గరగా పెట్టుకుని చూసినా అందులో గని కూలీ కనిపించడు. కొన్నేళ్ల ముందు అదే ఊళ్లో జరిగింది తెలిస్తే ఆ లోటు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఐర్లండ్ కరవునుంచి తప్పించుకుని వచ్చిన కుటుంబాలే ఆ గనుల్లో చాలామంది కూలీలు. జీతాల కోత, కంపెనీ దుకాణంలో అప్పు, గనిలో చావు. సంఘం పెట్టుకున్నారు, సమ్మె చేశారు, ఓడిపోయారు. కొందరు అధికారులు హత్యకు గురయ్యారు. వాటన్నిటి వెనక 'మాలీ మాగ్వయర్స్' అనే రహస్య దళం ఉందన్నది ఆరోపణ. దాన్ని రుజువు చేయడానికి రైలు-బొగ్గు కంపెనీ అధిపతి ఫ్రాంక్లిన్ గోవెన్ ఓ ప్రైవేటు గూఢచారిని కూలీల్లో కలిపాడు. కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించినవాళ్లలో ఆయనా ఒకడు! 1877 జూన్ 21న పది మందిని ఉరితీశారు. అందులో నలుగురిని మాక్ చంక్ జైల్లో. మొత్తం మీద ఆ కేసుల్లో ఉరికంబమెక్కిన వాళ్లు 20 మంది. నేను నిర్దోషినంటూ ఓ ఖైదీ గోడకు అద్దిన చేతిముద్ర ఎంత తుడిచినా పోవడం లేదని ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు. ముద్ర సంగతి ఎలా ఉన్నా, ఆ తీర్పుల మచ్చ మాత్రం పోలేదు. వారి నాయకుడిగా పేరుపడి ఉరికంబమెక్కిన జాక్ కెహోకు వందేళ్ల తర్వాత, 1979లో పెన్సిల్వేనియా గవర్నర్ క్షమాభిక్ష ప్రకటించాడు.

కూలీల్లో పిల్లలూ ఉండేవాళ్లు. గని పైన బొగ్గును పగలగొట్టి జల్లించే పెద్ద చెక్క కట్టడాలుండేవి. వాటిలో వరస బల్లలమీద కూర్చున్న పిల్లల కాళ్లమధ్య నుంచి బొగ్గు జారిపోతుంటే, చేతుల్తో రాళ్లేరడం వాళ్ల పని. వేళ్లు చీరుకుపోయేవి, పక్కవాడు కనపడనంత దుమ్ము. 1911 జనవరిలో అదే రాష్ట్రంలోని సౌత్ పిట్స్‌టన్‌కు లూయిస్ హైన్ అనే బడిపంతులు కెమెరా పట్టుకుని వెళ్లాడు. అప్పటికి ఆయన పంతులు పని మానేసి బాలకార్మికుల ఫొటోలు తీసే పనిలో ఉన్నాడు. మసి కొట్టుకుపోయిన మొహాలతో, టోపీలు పెట్టుకుని వరసగా నిలబడ్డ పిల్లల్ని తీశాడు. ఆ ఫొటోలకు ఎవరూ రంగులద్దలేదు. అవసరం కూడా లేదు. అలాంటివి చూసి జనం కదిలారు. 1916లో బాలకార్మికులపై అమెరికా కేంద్ర ప్రభుత్వం చట్టం తెచ్చింది. రెండేళ్లకే సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 1938లో మళ్లీ తెచ్చిన చట్టం నిలబడింది.

ఒకే రాష్ట్రం, ఒకే బొగ్గు, పదేళ్ల తేడా. రంగుల బొమ్మ యాత్రికుల్ని తెచ్చింది. నల్ల బొమ్మ చట్టాన్ని తెచ్చింది.

భద్రాచలం దారిలో పొయ్యిరాళ్లు

మాక్ చంక్ వేటగాడి కథ వినగానే తెలుగువాళ్లకు ఇంకో కథ గుర్తుకురావాలి. భద్రాచలం రాముడి దర్శనానికి బయల్దేరిన యాత్రికులు దారిలో ఇల్లందు దగ్గర ఆగి, మూడు రాళ్లు పెట్టి వంట మొదలుపెట్టారట. కట్టెలతో పాటు పొయ్యిరాళ్లూ అంటుకున్నాయట! ఆ వార్త ఆనోటా ఈనోటా పడి సర్కారు చెవికి చేరిందని చెప్పుకుంటారు. కథ సంగతి అటుంచితే, 1871లో జియొలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించడం మాత్రం చరిత్ర. గనుల్లో ఓ బొగ్గు పొరను నేటికీ 'కింగ్ సీమ్' అని ఆయన పేరుతోనే పిలుస్తారు. దానికి తోడు ఓ 'క్వీన్ సీమ్' కూడా ఉంది!

నారాయణఖేడ్‌కు బొగ్గుతో ఏం సంబంధం అనిపించొచ్చు. నీటి సంబంధం ఉంది. మహారాష్ట్రలో పుట్టి, కర్ణాటక మీదుగా వచ్చి, ఈ ప్రాంతాన్ని ఒరుసుకుంటూ పారే మంజీర సింగూరు, నిజాంసాగర్ దాటి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి కిందికి వెళ్లేకొద్దీ మంచిర్యాల, రామగుండం, మణుగూరు... అన్నీ బొగ్గు నేలలే. ఇక్కడి నల్లరేగడి సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట పొంగిన లావా చల్లారి, చివికి, మట్టిగా మారింది. అక్కడి బొగ్గు పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన అడవి. ఒకటి పైనున్న నలుపు, ఒకటి లోపలున్న నలుపు. ఒకదానిలో జొన్న పండుతుంది. రెండోదానితో రైలు నడిచింది.

బొగ్గు కనిపెట్టడం ఒక ఎత్తు, దాని హక్కులు ఎవరికి దక్కాయన్నది ఇంకో ఎత్తు. 1886లో లండన్‌లో 'హైదరాబాద్ (దక్కన్) కంపెనీ' పుట్టింది. నిజాం రాజ్యంలోని గనుల హక్కులు దాని చేతికి వెళ్లాయి. వాటాల వ్యవహారంలో నిజాం ఉన్నతాధికారి అబ్దుల్ హక్ పేరు బయటికొచ్చి గగ్గోలైంది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ వేసి విచారణ జరిపింది. ఇల్లందు నేలలోంచి బొగ్గు పెళ్ల బయటికి రాకముందే దాని పేరుమీద లండన్‌లో లాభాలు పంచుకున్నారన్నమాట! మరుసటేడు 1889లో తవ్వకం మొదలైంది. డోర్నకల్ నుంచి రైలు దారి పడింది.

పేరు విషయంలోనూ ఓ తమాషా ఉంది. తవ్వింది ఇల్లందులో. పేరు మాత్రం పక్కనున్న సింగరేణి గ్రామానిది. 1920 డిసెంబరు 23న 'సింగరేణి కాలరీస్ కంపెనీ' ఏర్పడటంతో ఆ చిన్న ఊరి పేరు దేశమంతా తెలిసింది. ఏటా ఆ తేదీన సింగరేణి దినోత్సవం జరుపుతారు. 1945లో నిజాం ప్రభుత్వం కంపెనీలో పెద్ద వాటా కొనేసింది. ఇప్పుడు 51 శాతం తెలంగాణ రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. ఇక ఇల్లందు? జనం దానికి తామే ఓ పేరు పెట్టుకున్నారు... బొగ్గుట్ట!

బొగ్గుట్ట మనిషికి గని అంటే 'బాయి'. 'బాయికి పోయిండు' అంటే మస్టర్ పడింది, దీపం పెట్టుకుని ఇంక్లైన్‌లోకి దిగాడు అని. తట్ట, చెమ్మస్, టబ్బు... ఆ మాటలన్నీ మూడు షిఫ్టుల బతుకులోంచి వచ్చినవే. బాయికి పోయిన మనిషి తిరిగొచ్చేదాకా ఇంట్లో వాళ్ల చెవి సైరన్ మీదే ఉండేది. వేళకాని వేళ అది మోగితే ఆడవాళ్లు పొయ్యిమీద కూర అలాగే వదిలి గని దగ్గరకు పరిగెత్తేవాళ్లు. పెన్సిల్వేనియా అయినా, బొగ్గుట్ట అయినా ఆ పరుగు ఒక్కటే. ఏ ఫోటోక్రోమ్ రాయిమీదా అది అచ్చు పడలేదు.

నలుపులో దాగిన వంగపువ్వు

ఇక్కడ నానమ్మ చీర దగ్గరికి మళ్లీ రావాలి. బొగ్గు ఊరికి రంగులద్దారు అనుకున్నాం కదా. నిజానికి రంగులు వచ్చిందే బొగ్గులోంచి!

బొగ్గును మూసి కాల్చి, వచ్చే గ్యాస్‌తో లండన్ వీధి దీపాలు వెలిగించేవారు. అడుగున మిగిలే జిగట తారును ఏం చేయాలో తెలిసేది కాదు. 1856లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రాడు సెలవుల్లో ఇంట్లో కూర్చుని, మలేరియాకు వాడే క్వినైన్‌ను తారు సరుకుల్లోంచి తయారు చేద్దామని కుస్తీపట్టాడు. మందు రాలేదు. సీసా అడుగున నల్లటి మడ్డి మిగిలింది. దాన్ని సారాయితో కడగబోతే చక్కటి ఊదారంగు దిగింది. పట్టుగుడ్డ ముంచి చూస్తే పట్టుకుంది, ఉతికినా వదల్లేదు. అదే 'మావ్'. మన మాటలో చెప్పాలంటే వంగపువ్వు రంగు! అంతకుముందు అలాంటి రంగు బట్ట కట్టడం కలిగినవాళ్లకే చెల్లేది. తర్వాత మామూలు ఆడపిల్లలకూ అందింది. ఫోటోక్రోమ్ రాయిమీద పూతకు వాడిన బెంజీన్ కూడా ఆ రోజుల్లో బొగ్గు తారులోంచి తీసిందే.

ఈ కథకు చేదు కొస కూడా ఉంది. 1897లో జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ కంపెనీ బొగ్గు తారులోని నాఫ్తలీన్ నుంచి నీలిరంగు తయారుచేసి బజారులో పెట్టింది. అప్పటిదాకా నీలిమందు అంటే హిందుస్థాన్ పంట. బెంగాల్, బీహార్‌లలోనే కాదు, మన కడప, నెల్లూరు, కర్నూలు చేలల్లోనూ పండేది. కొన్నేళ్లలోనే ఆ సాగు చితికిపోయింది. నీలిమందు తొట్లు ఎండిపోయాయి. ఎక్కడో తవ్విన బొగ్గు ఇక్కడి చేలలోని నీలాన్ని మింగేసింది.

పేరు మార్చుకున్న ఊరు

మళ్లీ మాక్ చంక్‌కు వద్దాం. ఇంటింటికీ చమురు, గ్యాస్ వచ్చాక ఆంత్రసైట్‌ను అడిగేవాళ్లు తగ్గారు. గనులు మూతపడ్డాయి, కుర్రాళ్లు వలసపోయారు. 1950ల్లో ఊరివాళ్లంతా వారానికి ఐదు సెంట్లు చొప్పున పోగేసి ఏదైనా పరిశ్రమను రప్పించాలని చూస్తున్నారు. సరిగ్గా అప్పుడే ఓ విచిత్రమైన బేరం వచ్చింది.

1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచిన మూలవాసి వీరుడు జిమ్ థోర్ప్ 1953లో కన్నుమూశాడు. ఆయన పుట్టింది ఓక్లహామాలో. తగిన స్మారకం కట్టే ఊరి కోసం ఆయన భార్య వెతుకుతోంది. మాక్ చంక్, దాని ఎదురుగా ఉన్న ఈస్ట్ మాక్ చంక్ 1954లో కలిసిపోయి, ఏకంగా తమ పేరునే 'జిమ్ థోర్ప్' అని మార్చుకున్నాయి. ఆయన్ని అక్కడే సమాధి చేశారు. జీవితంలో ఆయన అడుగుపెట్టని ఊరు అది! తండ్రిని సొంత నేలకు పంపమని కొడుకులు కోర్టుకెక్కారు. కింది కోర్టులో గెలిచారు, పై కోర్టులో ఓడారు. 2015లో సుప్రీంకోర్టు ఆ వివాదంలో జోక్యం చేసుకోనంది.

ఎలుగుబంటి కొండ పేరు పోయింది. బొగ్గు పోయింది. యాత్రికులు మాత్రం ఇప్పటికీ వస్తున్నారు. ఆకురాలు కాలంలో కొండలు నిప్పుల రంగులోకి మారినప్పుడు చూడ్డానికి. నలుగురిని ఉరితీసిన జైలు ఇప్పుడు మ్యూజియం. పాత మాక్ చంక్ ఎలా ఉండేదని అడిగినవాళ్లకు దుకాణాల్లో చూపేది ఆ కాలపు బొమ్మకార్డులే. ఊరి జ్ఞాపకంగా మిగిలింది అద్దిన రంగులన్నమాట!

మన ఊళ్లకూ పేర్లు, సరిహద్దులు మారుతూనే ఉన్నాయి. నారాయణఖేడ్ 1956 దాకా బీదర్ జిల్లాలో ఉంది. తర్వాత మెదక్‌కు, 2016లో సంగారెడ్డికి వచ్చింది. అదే ఏడు ఇల్లందు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు వెళ్తే, కంపెనీకి పేరిచ్చిన సింగరేణి ఖమ్మంలోనే ఉండిపోయింది. పేరు మారినా ఊరు ఉంటుంది, ఫరవాలేదు. ఊరే లేకుండా పోతే? ఇల్లందులో పాత భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. వాటి బదులు భూమిని పైనుంచే పెకలించే ఓపెన్‌కాస్ట్‌లు వచ్చాయి. ఓపెన్‌కాస్ట్ వచ్చిందంటే అక్కడి ఊరు లేవాలి. ఇల్లు కొలుస్తారు, బావి కొలుస్తారు, చెట్లు లెక్కపెడతారు. డబ్బు ఇస్తారు. పోచమ్మ గుడి దగ్గరి వేపచెట్టు నీడ ఎంత దూరం పడేదో ఏ కాగితంలోనూ రాయరు. సింగూరు జలాశయం కింద మునిగిన మంజీర ఒడ్డు ఊళ్లదీ ఇదే కథ. ఎండాకాలం నీళ్లు తగ్గితే ఓ గుడి గోపురమో, గోడ మొదలో కనిపిస్తే చాలు, 'అగో, అది మన ఇల్లుండె జాగ' అని చూపించే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. చూపించుకోవడానికి ఫొటో ఉన్న ఇళ్లు మాత్రం తక్కువ.

వెనక రెండు ముక్కలు

ఇప్పుడు ఫొటోలకు కొదవలేదు. ప్రతి చేతిలోనూ కెమెరా ఉంది. పాత నలుపు తెలుపు ఫొటో ఇస్తే కంప్యూటరే క్షణంలో రంగులద్దేస్తుంది. అదీ జ్యూరిచ్ పనివాడి పద్ధతే... తాను చూడని చీరకు తనకు తోచిన రంగు! ముచ్చటగానే ఉంటుంది. కానీ అది నిజమో కాదో చెప్పగలిగింది ఆ చీర కట్టుకున్న మనిషి ఒక్కరే.

అందుకే ఈసారి పండక్కి ఇంటికెళ్లినప్పుడు గోడమీది ఫొటో ఒకటి దింపండి. పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. 'ఇదెవరు? ఎప్పటిది? వెనక కనిపించే చెట్టేది? ఇప్పుడుందా?' అని అడగండి. బొగ్గు ఊరివాళ్లయితే ఆ ఫొటోలో నిలబడ్డవాళ్లలో ఎవరు ఏ బాయికి పోయేవాళ్లో, ఎవరు తిరిగి రాలేదో కూడా అడగండి. వాళ్లు చెప్పింది ఫొటో వెనక పెన్సిల్‌తో రాయండి. సిరా అయితే కాగితంలోంచి ముందువైపుకు ఊరుతుంది, పెన్సిలే మేలు. పేర్లు, ఏడాది, ఊరు. అచ్చు కంపెనీలు అమ్మిన బొమ్మల్లో ఊరి పేరు ఉంది, మనుషుల పేర్లు లేవు. మన ఇంట్లో ఫొటోకు ఆ లోటు రానివ్వకూడదు.

పేర్ల కింద ఇంకో ముక్క కూడా... నానమ్మ చీర, వంగపువ్వు రంగు!